అంచు వంకర జంపఖానా

ఎనభైల్లో ఓసారి అమ్మను పక్షవాతంతో హనుమకొండ దవాఖానలో చేర్చాం. మొదటిరోజు మాట్లాడిన మనిషికి మర్నాటికి మాట పడిపోయింది. సూదిమందు వికటించిందనుకున్నాను. ఇంటికి తీసుకుపోదామని, మా ఊళ్లో జీపు మాట్లాడేందుకు మరిపెడ బస్సెక్కాను.

పక్కసీట్లో, నేతగాళ్లుండే కొత్తవాడ పెద్దమ్మ ఒకామె, ఒడిలో జంపఖానాల మూటతో కూర్చుంది. నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

"మా ఆయనకు గట్లనే అయింది బిడ్డా. నేను గూడ డాక్టరు మీదికి లేచిన. సూది తప్పు గాదమ్మా, మెదడు కణాలకు ఆసరగుండే కణాలే నీళ్లు పట్టి ఉబ్బుతానయి, పుర్రెల జాగ లేక మెదడునే ఒత్తుతానయి అన్నడు. వాపు దిగేదాక మీ అమ్మను కదిలియ్యకు."

మూటలోంచి చిన్న జంపఖానా తీసి నా చేతిలో పెట్టింది.

"దవాఖాన నుంచి వచ్చినంక ఆయన నేసిన మొదటిది. అంచు వంకరొచ్చింది, అమ్మబుద్ధి కాలె. మడతేసి తల కింద పెట్టు. తల జర ఎత్తుల ఉండాలె."

వర్ధన్నపేటలోనే దిగి, వెనక్కి వచ్చే బస్సెక్కాను.

వాపు దిగాక అమ్మకు మాట మెల్లగా తిరిగొచ్చింది. తల కింది మడతను ఎడమచేత్తో తడుముతూ, ముద్దముద్దగా అడిగింది:

"ఎవలు నేసిన్రురా, అంచు వంకరున్నది?"