గోలు కొడితే దిగిపోవాలి

“గోలు కొట్టడం రాక కాదు బాబాయ్. కొడితే దిగిపోవాలి గదా. అందుకని కొట్టేదాన్ని కాదు.”

సౌందర్య ఈ మాట అని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. చిలకలూరిపేట శివార్లలో నూలు మిల్లు, దాని గేటుకు ఎదురుగా టీ బంకు. పగటి షిఫ్టు అప్పుడే దిగింది. కనురెప్పల మీద ఇంకా దూది నూగు ఉంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఊరు దుర్గి అవతల. ఉండేది మిల్లు హాస్టల్లో. నేను మర్నాడు వాళ్ళ ఊరి మీదుగా మాచర్ల పోతున్నానని తెలిసి కూర్చోబెట్టింది.

“దిగిపోవడమేంది?” అన్నాను.

“మా పీఈటీ ఖాసిం సారు యాడెక్కడో అడుక్కొచ్చిన హాకీ స్టిక్కులు ఆరే ఆరు. ఆడేవాళ్ళం పదిహేనుమందిమి. అందుకని సారు ఒక రూలు పెట్టాడు. గోలు కొట్టినోళ్ళు స్టిక్కు గట్టు మీద కూర్చున్నదానికి ఇచ్చి దిగిపోవాల. అందరికీ ఆట దక్కాలిగా. నాకేమో స్టిక్కు వదలబుద్ధయ్యేది కాదు. గోలు దాకా నేనే తీసుకుపోయి పక్కదానికి బాలు ఇచ్చేదాన్ని. అది కొట్టుద్ది, దిగిపోద్ది. నేనుంటా.”

నవ్వింది. “అట్టా దిగిపోయిన రేవతి తిట్టేది. ‘ఏమే దొంగమొహమా, నన్ను గట్టెక్కించడానికేగా ఇచ్చావు!’ అని.”

ఖాసిం సారు మాత్రం దాన్ని మంచితనం అనుకున్నాడు. స్వార్థం లేని పిల్ల అని హెడ్మాస్టరుకు చెప్పుకొని మురిసేవాడు.

ఏడో తరగతిలో మొదలుపెట్టిన ఆట. వాళ్ళ నాన్న బాలకోటయ్య క్వారీలో నాపరాళ్ళు లారీకెత్తుతాడు. అమ్మ నాగులమ్మ మిరప చేలల్లో కూలికి పోతుంది. ఆడపిల్ల కర్ర పట్టుకొని పరిగెత్తడమేమిటని బజారు బజారంతా అన్నా, ఆ ఇద్దరూ అడ్డు చెప్పలేదు. పల్నాడులో ఎంత బాగా ఆడినా చూసేవాళ్ళు లేరు. జిల్లా పోటీలని ఏడాదికొక రోజు పెడతారు, సాయంత్రానికి మూసేస్తారు. అందుకే ఖాసిం సారు ఫోనులో ఆమె ఆట వీడియోలు తీసి, తెలిసిన కోచ్‌లందరికీ పంపేవాడు. ఎవరూ పలకలేదు. ఆమె పదో తరగతికి వచ్చాక ఒకాయన పలికాడు. రాష్ట్ర సెలక్షన్లకు తీసుకురండి, అకాడమీవాళ్ళు వస్తారు అన్నాడు. ఎంపికైతే హాస్టలు, తిండి, చదువు, రోజూ నేర్పే కోచ్. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరు అవకాశం.

“నాన్న కూడా వచ్చాడు. నా ఆట చూడటం అదే మొదలు. అక్కడి గ్రౌండుకు తివాచీ లాంటిది పరిచారు, దాని మీద బాలు ఎగరదు బాబాయ్, నూనె రాసినట్టు జారుద్ది. మా చేల మీద ఆడినదానికన్నా ఎంత సుఖమో! ముగ్గుర్ని దాటుకుపోయా. గోల్‌కీపరు పిల్ల కింద పడింది. ఎదురుగా గోలు ఖాళీ.”

 బల్ల మీద ఒలికిన టీని వేలితో అటూ ఇటూ రాసింది.

“పక్కనున్న పిల్లకి ఇచ్చేశా. ఎవరో, మా జిల్లా కూడా కాదు. అది కొట్టింది. అందరూ దానికి చప్పట్లు. ఇంకోసారి అట్టానే అయింది. మూడోసారి నాన్న లేచి నిలబడి, ‘కొట్టమ్మా, కొట్టు!’ అని ఒకటే అరుపు. నాకూ తెలుసు బాబాయ్. ఇక్కడ ఎవరూ దింపరని తెలుసు. చెయ్యి మాట వినలా.”

 బంకువాడు స్టవ్ మంట తగ్గించాడు.

సాయంత్రం పేర్లు చదివారు. ఆమె పేరు రాలేదు. ఆమె ఇచ్చిన బంతితో గోలు కొట్టిన పిల్ల పేరు వచ్చింది. ఆట చానా బాగుంది గానీ గోలు ముందుకొచ్చేసరికి బెదిరిపోతోందని ఖాసిం సారుతో కోచ్ చెప్పాడట. తిరుగు బస్సులో సారు ఆమె పక్కన కూర్చొని, “పెద్ద గ్రౌండుకు భయపడ్డావు తల్లీ, నీ తప్పు కాదులే” అన్నాడట.

“మరి చెప్పలేదా, ఎందుకు కొట్టలేదో?”

“ఎట్టా చెప్తా? ఆయన పెట్టిన రూలు వల్లేనని ఆయన మొహాన్నే అనమంటావా? సెలవురోజు కూడా ఇంట్లో ఉండకుండా మాకు నేర్పినోడు. నాన్న ఆ రోజు అన్నం ముట్టలా. ఇంకొకర్ని కూడా పస్తు పెట్టాలా?”

ఇంటరుకు నరసరావుపేట పంపారు. అక్కడి కాలేజీలో హాకీ అంటే ఏమిటని అడిగారు. ఇంటరయ్యాక మిల్లు. “అకాడమీ హాస్టలు రాలేదు గానీ, హాస్టలైతే వచ్చిందిగా” అని తనే అంది. ఈసారి నవ్వలేదు.

ఫోను తీసి నా ముందు పెట్టింది. ఖాసిం సారు పంపిన వీడియో. తొమ్మిదో తరగతి జమీలా అట. దసరా తర్వాత సెలక్షన్లకు పోతోంది. పాపిడి పక్కకు జారిన బక్క పిల్ల ఇద్దరిని దాటుకుంటూ గోలు ముందుకు వచ్చింది. ఎదుట ఎవరూ లేరు. బంతిని పక్కకు తోసింది. వెనక నుంచి సారు గొంతు, “శభాష్!” అంటోంది.

సౌందర్య ఫోను బోర్లించింది.

“ఫోను చేసి చెబుదామని చానాసార్లు చూశా. ఆయన ‘ఏం తల్లీ’ అంటాడు, నాకు నోరు పెగలదు. రేపు నువ్వు బడికి పో బాబాయ్. గోలు కొట్టినా జమీలా చేతిలో స్టిక్కు తీసుకోవద్దని చెప్పు. కొట్టించమను, సాయంత్రం దాకా కొట్టించమను. ఎందుకని అడుగుతాడు. అప్పుడు నా సంగతి చెప్పు. నేను భయపడలేదని చెప్పు. కాకపోతే, ఆయన మధ్యాహ్నం అన్నం తినేదాకా ఆగి చెప్పు.”