పంది ముక్కలకు ముదురు పాకం

మా దీవిలో, డాలీగంజ్‌లోని మా ఇంట్లో ఆదివారం భోజనం అంటే నా చేతి వంటే. నాది హార్డ్‌వేర్ దుకాణం. మేకులమ్ముకుని బతికేవాణ్ణే అయినా, నా మేక మాంసం కూర వడ్డిస్తే వచ్చినవాళ్లు మేకు దిగినట్టు పీట మీంచి కదిలేవారు కాదు. వచ్చేది ఇద్దరు మిత్రులు. ఒకడు జెట్టీలో క్రేన్ నడుపుతాడు, ఒకడు ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తాడు. వాళ్ల మెప్పే నేను కూడబెట్టుకున్న ఆస్తి అనుకునేవాణ్ణి.

సునామీ తర్వాత ఆ ఆస్తికి వాటాదారుడు వచ్చాడు.

కార్ నికోబార్ దీవి నుంచి ఓడలో వచ్చి, రిలీఫ్ క్యాంపులో చాలాకాలం ఉండి, మా వీధి చివర అద్దెకు దిగిన మనిషి. ఇల్లూ, కొబ్బరి తోటా, పెంచుకున్న పందులూ అన్నీ సముద్రంలో కలిసిపోయాయి. క్రేన్ మిత్రుడే అతణ్ణి మా ఆదివారానికి వెంటబెట్టుకొచ్చాడు. జాలిపడ్డాను, భోజనం పెట్టాను, మంచివాణ్ణనిపించుకున్నాను. కథ అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

ఒక ఆదివారం అతను తన పెరట్లో నిప్పులు పేర్చి, పంది మాంసం కాల్చి మమ్మల్ని పిలిచాడు. ఉప్పు తప్ప ఏమీ వెయ్యలేదు. నేను మసాలా డబ్బా మొత్తం బోర్లించినా రాని నిశ్శబ్దం ఆ పూట మా ఆకుల ముందు వచ్చింది. ఆ తర్వాత మిత్రులు మా ఇంట్లో కూర్చుని, నా కూర కలుపుకుంటూ, అతను కాల్చిన మాంసం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

అల అతనిదంతా తీసుకుపోయింది. నాకు మాత్రం అలక వచ్చింది. అతనికి మిగిలింది ఆ చేతి రుచి ఒక్కటే, దాని మీదే నా కన్ను.

ఇక పందితోనే పందెం అనుకున్నాను. మా కొట్టుకు బోల్టుల కోసం వచ్చే ఒక హోటల్ వంటవాడు చెప్పాడు: ఎముకతో ఉన్న మందపాటి చాప్స్ వేయించి, పైన తేనె, సోయా సాస్, అనాస రసం కాచి పూస్తే అద్దంలా మెరుస్తాయట. తేనె లేకపోతే బెల్లమైనా సరేనట. బెల్లం అనగానే నాకు ధైర్యం వచ్చింది. ఫెరార్గంజ్ నుంచి ముక్కలు తెప్పించాను.

మా ఆవిడ వాటిని గడప దాటనివ్వలేదు.

"నా పొయ్యి మీద కాదండీ. పెరట్లో పెట్టుకోండి. ఆ మూకుడు కూడా మళ్లీ లోపలికి రాకూడదు."

పెరట్లోనే వేయించాను. ముక్కలు చక్కగా వేగాయి. బెల్లం కరుగుతుంటే మాత్రం హోటలతను చెప్పింది మర్చిపోయి, మా అమ్మ వేరుశనగ ఉండలకు పాకం పట్టే పద్ధతి చేతికి వచ్చేసింది. పక్కన గిన్నెలో నీళ్లు. అందులో ఒక చుక్క. వేలితో దగ్గరికి తీసి చూడటం.

గుమ్మంలోంచి మా ఆవిడ, "తీగపాకం చాలేమోనండీ, ఉండలు చుడతారా ఏమిటి?" అంది.

"మెరవాలి" అన్నాను.

నీళ్లలోంచి తీసిన ఉండను గిన్నెకేసి కొడితే ఠంగుమన్నాకే దించాను. ముక్కల మీద పోస్తే నా మొహం కనిపించేంత మెరుపు. వాళ్లు ముగ్గురూ చేతులు కడుక్కుని కూర్చునేసరికి ఆ మెరుపు కాస్తా బిగుసుకుపోయింది.

కాంట్రాక్టర్ కొరికాడు. చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"ఒరే, ఇవి చాప్స్ కావురా, నీ కొట్లో టైల్స్!"

"అరే యార్, పళ్లు ఊడితే నీ ఫెవికాల్ పనిచేస్తుందా?" అన్నాడు క్రేన్‌వాడు.

నేను ఇద్దర్నీ చూడలేదు. నికోబార్ మనిషినే చూస్తున్నాను. అతను నవ్వితే నా ఆదివారాలు అయిపోయినట్టే. అతను నవ్వలేదు. ముక్కను అటూ ఇటూ తిప్పి, మా అరుగు అంచుకేసి కొబ్బరికాయలా ఒక్క దెబ్బ వేశాడు. పెంకు పగిలింది. పెంకునూ మాంసాన్నీ కలిపి నోట్లో వేసుకున్నాడు.

"భయ్యా, బహుత్ అచ్ఛా. లోపల మెత్తగుంది."

మిగతా ఇద్దరూ అరుగుకేసి కొట్టడం మొదలెట్టారు. ముక్క మిగల్లేదు. మెప్పు మాత్రం మొదట కొట్టినవాడికే పోయింది. "చూశావా, నీ వంట ఎలా తినాలో కూడా ఇతనే నేర్పాలి!" అన్నాడు కాంట్రాక్టర్. నవ్వాను. లోపల పాకం ఇంకా ఉడుకుతూనే ఉంది.

వెళ్లేముందు అతను నా దగ్గరికొచ్చి, "భయ్యా, ఆ గుడ్‌వాలా నాకూ నేర్పుతావా?" అన్నాడు. గుడ్ అంటే బెల్లమే. అతనికి రానిది, నాకు వచ్చినది ఒకటుందన్నమాట! ఉత్సాహంగా నీళ్లగిన్నె పట్టుకొచ్చి అన్నీ చూపించాను. మా ఆవిడ చెప్పిన తీగపాకం కూడా నాదే అన్నట్టు చూపించాను.

మరుసటి ఆదివారం అతని పెరట్లో, నిప్పుల మీద కాలిన చాప్స్ మీద పాకం పల్చగా, తీగలు సాగుతూ, మెరుస్తోంది. మళ్లీ అదే నిశ్శబ్దం. తేరుకున్నాక క్రేన్‌వాడు "క్యా బాత్ హై!" అన్నాడు. నికోబార్ మనిషి చేతిలోని పట్టకారుతోనే నన్ను చూపించాడు.

"ఉస్తాద్ ఇతను. పాకం ఈ భయ్యాదే."

మిత్రులిద్దరూ నా వీపు తట్టారు. నాతో వచ్చి, నిప్పులకు దూరంగా కూర్చున్న మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కోరుకున్న పేరు నా ఆకులోనే వడ్డించాడు, అదీ అంత తేలిగ్గా. అన్నీ పోయినవాడి దగ్గర ఇవ్వడానికి ఇంకా ఇంత ఉందా అని, దానికి కూడా కుళ్లుకున్నాను.

కుళ్లుకుంటే కడుపు నిండదు కదా. ఇంకో ముక్క వెయ్యమని ఆకు ముందుకు జరిపాను.