పాలవాడి సైకిలు మీద నర్సమ్మ

పాఠక మహాశయులకు సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్కింట్లో ఉండే నర్సమ్మ పోయిన గురువారం కామెర్లతో కన్నుమూసింది. ఇలాంటప్పుడు రాయవలసిన ‘తీరని లోటు’, ‘అజాతశత్రువు’ వంటి మాటలు ఈ వ్యాసంలో ఎక్కడా కనిపించవు. బి.ఏ. చదివినవాడికి ఇది తలవంపే. కానీ ‘దివంగత’ అనే మాట ఆమె ముందు అని ఉంటే, ముందు చేతులు కడుక్కుని రమ్మనేది.

ఆమె గుర్తుకు రాగానే నాకు కన్నీళ్ళు రావు, కడుపులో తిప్పుతుంది. కాన్పు చేసి వస్తూ వస్తూ ఒంటి మీద ఫినాయిలు వాసనతో మా అరుగు మీద కూర్చునేది. అమ్మ పెట్టిన సద్దన్నం కలుపుకుంటూ, మాయ ఎంతసేపటికి పడిందీ, ఏ రంగులో ఉన్నదీ వర్ణించేది. నేను కంచం వదిలి లేస్తే ఆమెకు ఆశ్చర్యం.

“తినే కాడికెళ్ళి లేవకు బిడ్డా. నువ్వు గూడ గట్లనే ఒచ్చినవ్.”

మిషన్ దవాఖానలో పని నేర్చుకున్న మనిషి. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఊళ్ళు. చంపాపేట్ నుంచి బాటసింగారం దాకా ఎవరికి నొప్పులొచ్చినా బస్సెక్కి పోయేది. రెండేళ్ళ కిందట ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి, బస్సులు ఒకరోజు నడిస్తే నాలుగు రోజులు ఆగాయి. నొప్పులు మాత్రం బంద్ పాటించలేదు. ఇక సైకిలు కొనక తప్పదనుకుంది. చదువుకున్నవాడిననీ, చేతిలో పనేమీ లేనివాడిననీ తోడుకు నన్ను తీసుకుపోయింది. రెండో కారణమే అసలుది.

ఆమె దగ్గరున్న పైకం కొత్త ఆడవాళ్ళ సైకిలుకు సగం కూడా కాదు. కాబట్టి పాత సైకిళ్ళ దుకాణం. నేను వంపు హ్యాండిలున్న ఒక సన్నటి ఎర్ర సైకిలు దగ్గర ఆగి, దూరప్రయాణానికి తేలికతనం ఎంత అవసరమో ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆమె దాని టైరు నొక్కి, బాటసింగారం దారిలో ఉండే కంకర దీన్ని కొరుక్కుతింటుందని చెప్పి ముందుకు నడిచింది. మూలన ఒక పాలవాడి సైకిలుంది. నల్లగా, బర్రెలా ఉంది. తుప్పు, వెనక ఇనుప క్యారియరు, దాని సందుల్లో ఎన్నేళ్ళనాటివో పాల చారలు. విరిగిన పాల కంపుకు నేను ముక్కు మూసుకున్నాను. ఆమె వంగి క్యారియరును రెండు చేతులా గుంజి చూసింది.

“భాయ్, ఒక్క చక్కర్ కొట్టి తెస్త,” అని చీర గోచీ పోసుకుని, నా వైపు తిరిగింది. “ఎన్క కూసో. కడుపుతోని ఉన్నట్టు జర పక్కకు దిరిగి కూసో.”

అవసరమైతే నొప్పులు పడే మనిషిని దవాఖానకు తేవాలట. క్యారియరు ఓర్చుకుంటుందో లేదో తేలాలట. నేను కూర్చున్నాను. చౌరస్తా దగ్గర నినాదాలిస్తూ వస్తున్న మా క్లాసు వాళ్ళు నోరు తెరిచి ఆగారు. వాళ్ళలో ఒకడు గంభీరంగా, “ఎన్నో నెలరా నీకు?” అని అడిగాడు.

ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు. “ఉత్తగ తొక్కి సూస్తె ఏం ఎరుకైతది? బరువేసి సూడాలె. ఖాళీగున్నప్పుడు మనుషులు గూడ మంచిగనే నడుస్తరు,” అంది.

ఆ కంపు సైకిలే కొన్నది. దాని మీద ఎన్ని ఊళ్ళు తిరిగిందో నాకు తెలియదు. ఎండలో వచ్చి మా గోడకు ఆనించినప్పుడల్లా ఇల్లంతా పుల్లటి వాసన. నేను అగరొత్తి వెలిగించేవాణ్ణి.

మొన్న సమాధి దగ్గర అందరూ ఆమెను మెచ్చుకున్నారు. బాటసింగారం అవతలి పల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం, “అందరికీ అందుకున్నది, మా కోడలి కాన్పుకే లేట్ జేసింది. పిల్లగాడు దక్కలే,” అంది. ఎవరో నిద్రపోయి ఉంటుందన్నారు. ఇంకెవరో వయసు మీద పడింది కదా అన్నారు. మట్టి ఇంకా ఆరని సమాధి ముందు ఆ మాటలు వింటే అసహ్యం వేసింది. అంతకన్నా అసహ్యమైనది ఒకటి జరిగింది. నేనూ తలూపాను.

ఆ కోడలి కాన్పు రోజు సైకిలు తీసుకుపోయింది నేను. తెల్లవార్లూ ఒక కాన్పు చూసి వచ్చి, మధ్యాహ్నం ఆమె పడుకుని ఉంది. లేపి అడగడం ఎందుకని తాళంచెవి నేనే తీసుకున్నాను. మలక్‌పేటలో ఒక హోటల్లో కూర్చుని, బస్సుల్లేక జనం పడుతున్న కష్టాల గురించి స్నేహితులకు ఉపన్యాసం ఇస్తూ నాలుగు చాయ్‌లు తాగాను. తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. ఆమె తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది, గుమ్మం పక్కన వేలాడే కాన్పుల సంచి లేదు. పల్లె నుంచి మనిషి వస్తే నడిచి పోయిందని అమ్మ చెప్పింది.

మర్నాడు పగటిపూట వచ్చింది. చీర మోకాళ్ళ దాకా దుమ్ము. తల్లి బతికిందనీ, బిడ్డ బతకలేదనీ అమ్మకు చెప్పింది. ఎందుకలా అయిందని అమ్మ అడిగితే, “నాకే లేటయింది,” అంది. తర్వాత సైకిలు దగ్గరికి వచ్చింది. నా కాళ్ళకు అందడానికి నేను సీటు రెండంగుళాలు పైకి లేపి, దించడం మరచిపోయాను. ఆమె ఆ సీటు వైపు చూసింది. గుమ్మంలో ఉన్న నా వైపు చూడలేదు. పానా తెచ్చి, మట్టిలో మోకాళ్ళూని, నట్టు వదులు చేసి, సీటును తన ఎత్తుకు దించుకుంది. బిగించాక కదులుతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసింది. ఇంకోసారి ఊపి చూసింది.