కళ్లు పెట్టని మద్దయ్య

నంద్యాల చిత్రకారుల సంఘం అధ్యక్షుడు మద్దయ్యకు కళ్లు గీయడం రాదు. ఆయన గీసిన ఒక తాసిల్దారు బొమ్మ దారి కనపడక, గోడ దిగి నడిచిపోయి ఆటో కింద పడింది. సరే, నడవలేదు, గాలికి ఎగిరింది. ఆటో మాత్రం నిజం.

చెవి మీది వెంట్రుకతో సహా ముఖమంతా గీసి, కళ్ల చోట రెండు తెల్లమచ్చలు వదిలేవాడు. ఆపైన ఎవరు దొరికితే వాళ్ల చేతికి కుంచె ఇచ్చి, "నాకు రాదప్పా, నువ్వు పెట్టు" అనేవాడు. పశువుల డాక్టరు మహేష్ అలాగే చిక్కాడు. ఆయన కళ్లు పెట్టాక, రెండోసారి గీసిన తాసిల్దారు బొమ్మ అచ్చం ఈనబోయే బర్రెలా తయారైంది. తాసిల్దారు మళ్లీ సంఘం హాలు గడప తొక్కలేదు. మహేష్ మాత్రం ఒక్క ఆదివారమూ అక్కడికి రావడం మానలేదు.

సంఘం కార్యదర్శి రంగనాయకమ్మ రిటైరైన డ్రాయింగు టీచరు. అధ్యక్షుడికి కళ్లు రావని చెప్పుకోవడం ఆమెకు తలవంపుగా ఉండేది. పైగా సంఘంలో కొత్త సభ్యులు లేరు, పెరుగుతున్నవల్లా గోడ మీద దండలేసిన ఫోటోలే. ఈ ఏడు ప్రదర్శన తర్వాతైనా కొత్త ముఖాలు కనపడకపోతే హాలును జిమ్ముకు ఇచ్చేస్తానని యజమాని చెప్పేశాడు.

ఆళ్లగడ్డ శిల్పులు చేరితే గండం గడుస్తుంది. వాళ్లేమో తమ పెద్ద శిల్పి అబ్రహాము వస్తేనే వస్తామన్నారు. విగ్రహానికి కళ్లు ఆఖరున తెరుస్తారు. చుట్టుపక్కల సగం మంది దేవుళ్లు అబ్రహాము ఉలితోనే లోకాన్ని చూశారు. చేయి వణకడం మొదలయ్యాక ఆయన ఆ ఉలిని అటకెక్కించి, ఇల్లు కదలడం మానేశాడు.

ప్రదర్శన రోజు ఉదయం. ఇంకో గంటలో ముఖ్య అతిథి వస్తాడు, ఆయన బొమ్మకేమో కళ్లు లేవు. రంగనాయకమ్మ తనే కుంచె అందుకోబోతే మద్దయ్య అడ్డం నిలబడ్డాడు. అబ్రహాముకు కబురు పెట్టానన్నాడు.

అబ్రహాము ఆళ్లగడ్డ బస్సు దిగి తిట్టుకుంటూనే వచ్చాడు.

"చెయ్యి వణుకుతాంటే నన్ను పిలుస్తావేందప్పా? బుద్ధుండాదా నీకు?"

"నాకు కళ్లు రావు గదన్నా. నా తెల్లమచ్చల కంటే నీ వణుకుడే మేలు."

కుంచె వణికింది. ఎడమ కన్ను కాస్త పెద్దదైంది. కుడిది నవ్వాపుకుంటున్నట్టు ముడుచుకుంది. అతిథి ఎన్నడూ నవ్వడని పేరుపడ్డ రిటైర్డ్ జడ్జి. జడ్జి బొమ్మను చాలాసేపు చూసి, తాను ఇలా ఉండివుంటే ఇంట్లో వాళ్లు తనతో మాట్లాడేవారేనని పకపకా నవ్వాడు.

అబ్రహాముకు మాత్రం తృప్తి కలగలేదు. కుడి కన్ను దిద్దాలంటూ మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు. వెనకే సగం బస్సు నిండా శిల్పులు వచ్చారు. జిమ్ము వేరే చోటు వెతుక్కుంది.

ఆ సంతోషంలో రంగనాయకమ్మ జిలేబీ పట్టుకుని మద్దయ్య ఇంటికి వెళ్లింది. ఆయన లేడు, భార్య సుంకమ్మ ఉంది. గోడ మీద సుంకమ్మ బొమ్మ కూడా ఉంది. దాని కళ్లు ఎటు జరిగితే అటు చూస్తున్నాయి. రంగనాయకమ్మ రెండో జిలేబీ తీసుకోబోయి, ఆ చూపుకు సిగ్గుపడి చేయి వెనక్కి లాక్కుంది.

"ఎవరు పెట్టినారు సుంకమ్మా ఈ కళ్లు?"

"ఇంగెవురు, ఆయనే. ఏ బొమ్మకైనా ముందు కళ్లే గీస్తాడు. మొగం కుదిరినాక తెల్లరంగు పూసేస్తాడు. కళ్లు పెట్టినోడు వాటిని చూసుకునేదానికన్నా మళ్లీ వస్తాడంట."

తన భర్త చనిపోయిన ఏడు, వాన నుంచి తలదాచుకోవడానికి తాను ఆ హాల్లోకి వెళ్లిన సాయంత్రం రంగనాయకమ్మకు గుర్తొచ్చింది. తలైనా తుడుచుకోనివ్వకుండా మద్దయ్య తన చేతిలో కుంచె పెట్టాడు.

ఆదివారం ఆమె నిలదీసింది. మద్దయ్య తెల్లరంగు కుంచెను వీపు వెనక్కి దాచుకున్నాడు.

"అంతా అబద్ధం టీచరమ్మా. నాకు కళ్లు రావు."

"మరి సుంకమ్మ బొమ్మకు?"

"అవి నేను పెట్టలే. పెండ్లినాటికే ఆమెకు ఉండె."