నాన్న ఎడమవైపు

మా చిన్నప్పుడు ఆదివారం వస్తోందంటే నాకు భయం... మిగతా పిల్లలకి సెలవు. మాకు నాన్న హాకీ మ్యాచ్.

బందరులో నాన్నని అందరూ సెంటర్ ఫార్వర్డ్ గారనే పిలిచేవారు. జిల్లాకి ఆడాడు, రాష్ట్రానికి ఆడాడు, ఆ ఆటతోనే గవర్నమెంటు ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆఫీసు టీముకి ఆడినన్నాళ్ళూ మనకి ఢోకా లేదని అమ్మ అంటుండేది.

ఒక ఎండాకాలం ప్రాక్టీసులో, చవిటి నేల మీద బంతి ఎగిరి ఎడమ కంటికి తగిలింది. వాపు తగ్గింది కానీ చూపు రాలేదు. చూడ్డానికి మాత్రం కన్ను మామూలుగానే ఉండేది...

"ఈ సంగతి గడప దాటకూడదు" అన్నాడు నాన్న, అమ్మనీ నన్నూ కూర్చోబెట్టి. తెలిస్తే టీములోంచి తీసేస్తారు, ఆ తర్వాత ఉద్యోగం ఏమవుతుందో అని ఆయన భయం. నాకు మాత్రం ఒక్కటే భయం... ఆ రెండో కంటికి కూడా తగిలితే?

ఇంట్లో చెంబుతో మజ్జిగ పోసుకుంటే సగం గ్లాసు బయటే పడేది. అమ్మ తుడిచేది.

నెల తిరక్కుండా నాన్న మధ్యలో సెంటర్ వదిలేసి ఎడమ చివర లెఫ్ట్ వింగ్‌కి మారాడు. అక్కడైతే ఎడమ పక్కన గీత తప్ప ఏమీ ఉండదు. బంతైనా మనుషులైనా కుడి కన్ను వైపు నుంచే రావాలి. అడిగినవాళ్ళతో "కుర్రాళ్ళకి చోటివ్వాలి కదండీ" అనేవాడు. ఎంత మంచి మనసో అని అందరూ మెచ్చుకునేవారు... మేం తలలు దించుకుని వినేవాళ్ళం.

అమ్మ ఎప్పుడూ గ్రౌండుకి రాలేదు. నన్ను పంపేది. "నాన్న బాగున్నాడని నువ్వొచ్చి చెప్పేదాకా పొయ్యి ముట్టించను" అనేది.

ఆ ఆదివారం మ్యాచ్ గుడివాడలో. రైట్ వింగ్ ఆడే ఆయనకి జ్వరం. కెప్టెన్ గారు వచ్చి, "ఇవాళ్టికి మీరు కుడివైపు ఆడండి, మీరు తప్ప ఎవరున్నారు" అన్నారు. నాన్న మొహం పాలిపోయింది. కాదంటే కారణం చెప్పాలి కదా... "అలాగేనండీ" అన్నాడు.

కుడి చివర అంటే ఆటంతా ఎడమ నుంచే వస్తుంది. గీత అవతల నిలబడి, దేవుడా, ఆ ఒక్క కన్నూ వదిలెయ్ అని మొక్కుకున్నాను.

అప్పుడే రహీం మావయ్య కెప్టెన్ దగ్గరికి నడిచాడు. ఆఫీసులో నాన్న పక్క సీటు ఆయనది. అమ్మని అక్కా అనేవాడు కాబట్టి నాకు మావయ్య. ఎడమవైపు ఎప్పుడూ నాన్న వెనకే ఆడేవాడు. "బావ వెనకాల నేనే ఉంటానండీ, నాకలవాటు" అని తనూ కుడివైపుకి మారాడు.

ఆట మొదలైన దగ్గర్నుంచి మావయ్య గొంతు ఆగలేదు. "ఎడమ, బావా..." "ఇద్దరొస్తున్నారు, వదిలెయ్..." నాన్న ఆ గొంతునే నమ్ముకుని ఆడుతున్నాడు. ఈయనకెలా తెలుసు అని నాకు ఆశ్చర్యం, భయం, రెండూను.

చివర్లో ఎవరో గట్టిగా కొట్టిన బంతి నేల మీద ఎగిరి నాన్న తలకేసి వచ్చింది... ఎడమ నుంచి. నాన్న అటు చూడనే లేదు. నేను కళ్ళు మూసేసుకున్నాను.

"వంగు బావా" అన్న కేక వినబడింది. కళ్ళు తెరిచేసరికి నాన్న మోకాళ్ళ మీద ఉన్నాడు. బంతి నా వెనక గోడకి కొట్టుకుని దొర్లుతోంది. మ్యాచ్ ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ గుర్తులేదు.

బందరు రైల్లో మావయ్య నాన్నకి ఎడమ పక్కన కూర్చున్నాడు. పెడన దాటాక నాన్న ఆయన వైపు తిరిగాడు.

"ఎప్పట్నించి తెలుసు రహీం?" అన్నాడు నాన్న.

"ఆ ఎండాకాలం నుంచే బావా. క్యాంటీన్లో టీ ఇస్తే గ్లాసు వదిలేసి పక్కన తడుముకున్నావు."

"మరి ఒక్కసారీ అడగలేదే?"

"నువ్వు చెప్పలేదుగా... ఇక చాలు బావా. అక్కడ అక్క పొయ్యి ముట్టించకుండా కూర్చునుంటుంది."

మర్నాడు నాన్న స్టిక్కు అటక మీద పెట్టేశాడు. ఆఫీసులో మోకాళ్ళ నొప్పులని చెప్పాడు. అంతగా భయపడ్డ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు, రిటైరయ్యేదాకా చేశాడు.

ఆ తర్వాత కూడా సాయంత్రాలు ఇద్దరూ మంగినపూడి రోడ్డు మీద నడిచేవారు. మావయ్య ఎప్పుడూ ఎడమవైపే...

పోయిన నెల మావయ్య పోయాడు. నిన్న నాన్నతో నేను నడిచాను. ఎడమ పక్క సందులోంచి ఆటో వస్తుంటే "ఎడమ, నాన్నా" అన్నాను.

నాన్న ఆగాడు. "కాస్త గట్టిగా అనమ్మా... వాడు గట్టిగా అనేవాడు" అన్నాడు.

ఇప్పుడు ఆడే పిల్లలకి మొహానికి దెబ్బ తగలకుండా మాస్కులున్నాయి, నున్నటి గ్రౌండ్లున్నాయి, సంతోషం. మీ ఇంట్లోనూ ఎవరి వెనకైనా అలాంటి గొంతు ఒకటి ఉండేదా... ఉంటే కింద రాయండి, చదువుతాను.