ఎంటర్ మీట

పక్క గదిలో మనవరాలు కంప్యూటర్ మీద ఎంటర్ మీటను టక్కున కొడితే నాకు ఇప్పటికీ చిరాకేస్తుంది. వెంటనే వసుంధర మేడం గుర్తొస్తారు. ఆవిడ గురించి ఎప్పుడో రాయాల్సింది. కానీ నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక, అవీ ముందు ఇంగ్లీషువి. తెలుగులో వాక్యం రాయడానికి ఇంకా ఏళ్లు పట్టింది. చిన్నప్పుడు మగ్గం దగ్గర కండెలు చుట్టాను. పెళ్లయ్యాక సూరత్ వచ్చి, అక్కడి పాండేసర పేటలో మిల్లు పనివాళ్లకు డబ్బాల్లో భోజనాలు కట్టాను. చదువుకు చేయి ఎప్పుడు ఖాళీ అయింది?

మేడం మా పై అంతస్తులో ఉండేవారు. కరీంనగర్ మనిషి, కాలేజీలో సి అనే కంప్యూటర్ భాష చెప్పేవారు. ఓపిక తక్కువ. నాకు అక్షరాలు నేర్పడానికి కూర్చుని, పలక మీద నా వంకర గీతలు చూడలేక నాకోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. తెర మీద ఒక అక్షరం పెద్దగా కనిపిస్తుంది. ఆ మీట వెతికి నొక్కి, ఎంటర్ కొట్టాలి. ఒప్పయితే తెర పచ్చబడుతుంది, తప్పయితే ఎర్రబడి బీప్‌మంటుంది.

ఆర్ కనిపించింది. నా పేరు రాజమ్మలో మొదటి అక్షరం. నొక్కి ఎంటర్ కొట్టాను. పచ్చబడింది. రెండో అక్షరం వచ్చిందో లేదో, నేనేమీ ముట్టకుండానే బీప్!

“ఏందక్కా, రెండుసార్లు నొక్కుతున్నవ్?”

“ఒక్కసారే నొక్కిన మేడం.”

“మరి దయ్యం నొక్కిందా? జర మెల్లగ!”

రోజూ ఇదే గొడవ. పిండి పిసికే చేతులకు బరువెక్కువని ఆవిడ అంటే, వేలికొనతో తాకాను. అయినా బీపే. చివరికి విసిగి లేచి నిలబడ్డాను. “నాకు రాదు మేడం. రేపటి నుంచి రాను.” నా పేరు రాసుకోవాలన్న ఆశను అక్కడే వదిలేశాను.

“ఆగు, నేను చూపిస్తా” అని మేడం నా కుర్చీలో కూర్చున్నారు. నొక్కారు. పచ్చ, వెంటనే బీప్. మెల్లగా నొక్కారు. మళ్లీ బీప్.

“జర మెల్లగ మేడం!” అన్నాను. నవ్వు ఆగలేదు.

ఆవిడ నుదురు కొట్టుకున్నారు. “అరే యార్! ఇది ఎంటర్‌ను గూడ అక్షరం లెక్కనే చదువుతుందక్కా. నువ్వు కొట్టిన ఎంటర్ లోపల మిగిలిపోయి, తర్వాతి అక్షరానికి జవాబైతుంది. దాన్ని చదివి పారేసే లైను నేనే రాయలే. పిల్లలకు రోజూ చెప్తా, నేనే మరిచిన!” ఆ ఒక్క లైను రాస్తూ మళ్లీ నా మీదే అరిచారు. “ఇన్ని దినాలు తిడుతుంటే పడ్డవేంది? నాది తప్పు కాదని గట్టిగ చెప్పొద్దా?”

క్షమాపణ కూడా కసురుకుంటూనే చెప్పే మనిషి. ఇప్పటికీ నాది తప్పని ఎవరైనా అంటే, ముందు నా కుర్చీలో కూర్చుని చేసి చూపించమంటాను.

మర్నాడు పొద్దున్నే, పొయ్యి వెలిగించకముందే పైకెళ్లి తలుపు కొట్టాను. మేడం పళ్లు తోముకుంటూ వచ్చి, “ఇంత పొద్దుగాలనా?” అని విసుక్కున్నారు. నేను నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఆర్ నొక్కి, ఎంటర్‌ను గట్టిగా కొట్టాను. తెర పచ్చబడింది. రెండో అక్షరం వచ్చి, నాకోసం ఆగింది.