చెంచాడు నూనె, నలభై రెండు నిమిషాలు

కొత్త వస్తువుతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివే మనుషులు ఆ రోజుల్లోనూ అరుదే. నేను ఆ అరుదైన జాతికి చెందినవాణ్ని. ఇస్త్రీపెట్టె కొన్నా, మిక్సీ కొన్నా, పుస్తకం పూర్తిచేయనిదే ప్లగ్గు పెట్టేవాణ్ని కాదు. (అందువల్ల నా జీవితంలో ప్రమాదాలేవీ జరగలేదని అనుకోకండి, జరిగిన ప్రతి ప్రమాదమూ ఏ పుటలో ఉందో చెప్పగలిగేవాణ్ని, అంతే.) ఇంతటి జాగ్రత్తపరుడు ఒక ఆటల యంత్రం కారణంగా సామానుతో సహా వీధిన పడే స్థితికి ఎలా వచ్చాడో చెప్పాలంటే, ముందుగా నస్పూర్‌లో మేము అద్దెకున్న గది గురించి చెప్పాలి.

బొగ్గు గనిలో విద్యుత్ విభాగంలో శిక్షణ ఇంజినీరుగా అప్పుడే చేరాను. పెళ్లికాని కుర్రవాళ్లకు గది ఇవ్వడానికి ఆ చుట్టుపక్కల ఎవరూ ఒప్పుకునేవారు కారు. ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషి మా పెద్దవ్వ. పెద్దవ్వ నాకు చుట్టం కాదు, ఇంటి యజమానురాలు. చెన్నూరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చి, భర్త పోయాక ముందు భాగంలో తానుంటూ వెనుక గది అద్దెకిచ్చేది. నా గదిలో రెండో మనిషి గని సర్వే విభాగంలో పనిచేసే కరీంనగర్ సాయబుల ఇంటి కుర్రవాడు. అతన్ని అందరూ సర్వే భాయ్ అనేవారు. గది చూడబోయిన రోజునే పెద్దవ్వ మా ఇద్దరినీ నిలబెట్టి షరతు చెప్పింది: “నీసు వండుకుంటరా, వండుకోన్రి. పొద్దెక్కేదాక పంటరా, పండున్రి. ఆట మాత్రం ఆడద్దు. మీకంటె ముందున్నోళ్లు పత్తాలాడిన్రు. గదే పూట మంచాలు తీస్కపోయి గాడ వెట్టిన,” అంటూ వీధిలో మురుగు మోరీ పక్కన ఆ పేకాటవాళ్ల సామాను దిగిన స్థలాన్ని వేలితో చూపించింది. ఆ తర్వాత నేను డ్యూటీకి పోతున్నప్పుడల్లా ఆ స్థలాన్ని చూసేవాణ్ని. రెండు మంచాలు, ఒక బీరువా పట్టేంత జాగా, సరిగ్గా.

అటువంటి ఇంట్లోకి నేను ఆ యంత్రాన్ని తీసుకొచ్చాను. అప్పుడప్పుడే దేశంలోకి వచ్చిన కొత్త రకం అది. మీటలు నొక్కుతూ కూర్చునేది కాదు; ఆడేవాళ్లు తలా ఒక తెల్లని చిన్న కట్టె చేత పట్టుకుని, టెన్నిస్ అయితే నిజంగా బ్యాటు విసిరినట్టు, బంతి దొర్లించే ఆటైతే నిజంగా బంతి విసిరినట్టు చెయ్యి ఊపాలి. తెర మీది బొమ్మ మనిషి అలాగే ఊపుతాడు. హైదరాబాదు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ‘వోల్టేజీ స్టెబిలైజరు’ అని పెద్దవ్వకు చెప్పాను. మొదటి వారంలో మాకు కలిగిన లాభాలు: నాకు కుడి భుజం నొప్పి, సర్వే భాయ్ మోచేతి దెబ్బకు పగిలిన ట్యూబులైటు, పనిలో ఫోర్‌మన్ అడిగిన ప్రశ్న: “ఏంది సార్, రాత తక్కువ, చెయ్యి నొప్పి ఎక్కువున్నది?”

రెండో వారంలో అసలు ప్రమాదం జరిగింది (పుట పదకొండు: కట్టెకున్న తాడు మణికట్టుకు చుట్టుకొనవలెను). నేను ఆ పుటను సర్వే భాయ్‌కి మూడుసార్లు చదివి వినిపించాను. అతను “అరే, చిన్న పిల్లగాన్నా ఏంది, ఇంజినీర్‌సాబ్?” అని, బంతికి బదులు కట్టెనే విసిరాడు. అది టీవీని తప్పించి, టీవీ నెత్తిన పెట్టిన సన్నని నల్ల పట్టీకి తగిలింది. పట్టీ రెండు ముక్కలైంది, కట్టె ఎటు చూస్తే అటు తెర మీద కదిలే చెయ్యి గుర్తు మాయమైంది, ఆట ఆగిపోయింది. కరీంనగర్‌లో నాకు తెలిసిన టీవీల మరమ్మతు మనిషికి చూపిస్తే, ముక్కలు రెండూ వాసన చూసినంత పని చేసి, “గిదేందో నేనిప్పటిదాక చూడనే లేదు సార్, ఎక్కడ దొరుకుతదో సుత ఎరుక లేదు,” అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి, మామూలుగానే పట్టింది. కానీ మర్నాడు గనిలోకి దిగుతున్నప్పుడు విషయం స్ఫురించింది. ఆ పట్టీ దేన్నీ చూడదు. చూసే కన్ను చేతిలోని కట్టె కొసన ఉంది. పట్టీ చేసే పనల్లా, రెండు చివరల నుంచి కంటికి కనపడని వేడివెలుగును రెండు చుక్కలుగా ఇవ్వడమే. ఆ రెండు చుక్కలను బట్టి కట్టె తానెటు చూస్తున్నదో తెలుసుకుంటుంది. అటువంటి వెలుగు ఏ మంటలోనైనా ఉంటుంది. సాయంత్రం రెండు మట్టి ప్రమిదలు కొన్నాను. సర్వే భాయ్ టేపు పట్టి, టీవీ ముందు స్టూలు మీద ఒకదానికొకటి ఇరవై సెంటీమీటర్ల దూరంలో వాటిని నిలిపాడు. దీపాలు వెలిగించాం. తెర మీద చెయ్యి గుర్తు ప్రత్యక్షమైంది! సర్వే భాయ్ నన్ను ఎత్తుకుని ఒక చుట్టు తిప్పాడు.

అయితే ఫ్యాను తిరిగితే మంట వణికేది, మంట వణికితే గుర్తు వణికేది. కాబట్టి ఫ్యాను ఆపాలి. కిటికీ మూయాలి. బయటివాళ్లకు వినపడకుండా టీవీ గొంతు నొక్కాలి. ఇప్పుడు ఈ దృశ్యాన్ని తలుపు సందులోంచి చూసే మనిషిగా ఊహించుకోండి: నస్పూర్ ఎండాకాలం, సందెపొద్దు, మూసిన కిటికీ, ఆగిన ఫ్యాను, రెండు దీపాలు, వాటి ముందు చెమటలు కక్కుతూ మౌనంగా నిలబడిన ఇద్దరు యువకులు. తెర అటువైపు తిరిగి ఉండటంతో తలుపు దగ్గరి నుంచి కనపడేది కాదు. ఆ సందులోంచి చూసిన మనిషి పెద్దవ్వ.

మర్నాడు బోరింగు కాడ ఆమె గొంతు మెత్తబడింది. “ఏం మొక్కు బిడ్డా?” అని అడిగింది. నేను కొలతలో అబద్ధం రాయని మనిషిని. “దీపాలు లేకుంటే మా పని నడవది పెద్దవ్వా,” అన్నాను. (ఇందులో ఒక్క అక్షరం కూడా అసత్యం లేదని నేటికీ వాదించగలను.) ఆమె కళ్లు తడిశాయి. “గా సాయబుల పిలగాడు సుత నీ మొక్కుకు తోడు నిలవడుతుండు సూడు. గసొంటి దోస్తు దొరకాలె,” అంది. అప్పటి నుంచి తానే వత్తులు చేసి తెచ్చేది, నువ్వుల నూనె తెచ్చేది. వత్తులు లావుగా ఉండేవి, మంట నిలకడగా ఉండేది. ఆ వారం సర్వే భాయ్ నన్ను టెన్నిస్‌లో వరుసగా తొమ్మిదిసార్లు ఓడించాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఒక శుక్రవారం సాయంత్రం ఆమె పళ్లెంలో మరో మూడు ప్రమిదలు, బంతిపూలు పెట్టుకుని తలుపు తోసుకుంటూ లోపలికే వచ్చేసింది. “రెండేంది బిడ్డా? ఐదు వెట్టాలె. నేను సుత కూసుంట.”

మేం ఆటలో ఉన్నాం. నేను నా కట్టెను దిండు కిందికి తోసి, టీవీ మీద తువ్వాల కప్పాను. సర్వే భాయ్ తన కట్టెను అంగీ జేబులో దూర్చాడు. ఐదు దీపాలు వెలిగాయి. ముగ్గురం చేతులు జోడించి కూర్చున్నాం. సర్వే భాయ్ మర్యాద తెలిసినవాడు, తల వంచాడు. అక్కడే కొంప మునిగింది. అతను వంగగానే జేబులోంచి పొడుచుకొచ్చిన కట్టె కన్ను సరిగ్గా దీపాలకు ఎదురైంది. రెండు చుక్కలు చూడవలసిన ఆ కన్నుకు ఐదు కనపడేసరికి, తువ్వాల వెనుక చెయ్యి గుర్తు పిచ్చిపట్టినట్టు తెర మీది ఒక మీట నుంచి మరో మీటకు గెంతసాగింది. మీట తగిలినప్పుడల్లా కట్టె ‘గుర్‌ర్’మని వణకడం ఆ యంత్రం గుణం. అతను తలెత్తితే ఆగేది, వంచితే మోగేది. భక్తి పెరిగిన కొద్దీ చప్పుడు పెరిగింది.

పెద్దవ్వ కళ్లు తెరిచింది. “ఏందిరా గది?”

“ఫోను, పెద్దవ్వా.”

“ఫోనైతే ఎత్తు మరి.”

సర్వే భాయ్ కట్టెను తీసి చెవికి పెట్టుకున్నాడు. “హా అమ్మీ… తిన్న అమ్మీ… ఫికర్ జెయ్యకు,” అన్నాడు. అబద్ధాన్ని అక్కడితో ముగించే తెలివి అతనికి లేకపోయింది. “పెద్దవ్వ మంచిగ చూసుకుంటుంది అమ్మీ,” అని కలిపాడు.

“ఇటియ్యి! నేను జర మాట్లాడత,” అంటూ పెద్దవ్వ కట్టెను లాక్కుని చెవికి ఆనించుకుంది. “వదినా, మంచిగున్నవా? నీ కొడుకు బంగారం వదినా. అబద్ధం అన్నది ఎరుగడు…”

కట్టె ఏమీ పలకలేదు. ఆమె ఓపికగా ఎదురు చూసింది. వినపడని మనిషి కోసం గొంతు పెంచి, అదే మాట మళ్లీ చెప్పింది. ఇక నావల్ల కాలేదు. “పెద్దవ్వా,” అన్నాను, “అది ఫోను కాదు. ఆట కట్టె.” లేచి తువ్వాల తీశాను. తెర మీద పొట్టి బొమ్మ మనుషులు ఇద్దరు మా కోసం బ్యాట్లు పట్టుకుని ఎదురు చూస్తున్నారు.

ఆమె తెర దగ్గరికి జరిగి వాళ్లను ఎగాదిగా చూసింది. “పత్తాలు కావు గద?”

“కావు.”

“గెలిస్తె ఏమొస్తది?”

“ఏం రాదు.”

“ఓడితె ఏం పోతది?”

“ఏం పోదు పెద్దవ్వా.”

“గట్లయితే గింత ఉడుకల ఫ్యాను బంజేస్కొని మీకెందుకురా గీ పరేషాను?”

ఆమె మోరీ పక్కన జాగా ఉన్న వైపు తల తిప్పింది. మా మంచాల వైపు చూసింది. ఆపై దీపాల వైపు చూసి నిట్టూర్చింది. “దీపం ఎలుగంగ మనిషిని ఎల్లగొట్టద్దు. ఊది ఆర్పద్దు. నూనె అయిపోనియ్యి, అప్పుడు జెప్త,” అని గోడకానుకుని కూర్చుంది.

మేమూ కూర్చున్నాం. మూడు ప్రమిదల్లో నూనె అడుగంటింది. మంటలు ఒక్కొక్కటే చిన్నవై కొండెక్కాయి. నాలుగోదీ ఆరింది. మిగిలిన ఒక్క దీపం మాత్రం తగ్గడం లేదు. నేను మనసులోనే లెక్క వేశాను. ఒకే కొలత నూనె, ఒకే లావు వత్తి, ఇది ఆరి పావుగంట కావాలి. పక్కకు చూశాను. సర్వే భాయ్ అటు తిరిగి దగ్గుతున్నట్టు వంగి, దగ్గు దగ్గుకూ ఒక్కో చెంచాడు నూనె దాంట్లో వంచుతున్నాడు.

“ఎంత వోస్తవురా?” అంది పెద్దవ్వ, కదలకుండా.

అతను చెంచా దాచలేదు. “నీ కోపం అయిపోయేదాక, పెద్దవ్వా. సీసాల ఇంక సగమున్నది.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని నేను భయపడ్డాను, ఆమె నవ్వుతోంది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పింది: రోజూ సందె దీపాలకు తానే వచ్చి నూనె పోస్తుంది, రెండింటికీ కలిపి ఒకే చెంచాడు. దీపం ఉన్నంతసేపే ఆట. ఆరిందా, ఫ్యాను వేసుకుని పడుకోవాలి. చెంచాడు నూనె నలభై రెండు నిమిషాలు వచ్చేదని నేను పదకొండు రోజులు గడియారం పెట్టి తేల్చాను.

ఏడాది తర్వాత నాకు జైనూర్ వైపు బదిలీ వచ్చింది. వెళ్లే ముందు సాయంత్రం ఆడుతుంటే దీపాలు ఎంతకీ ఆరలేదు. గడియారం చూస్తే అరవై ఒక్క నిమిషాలు. నాకు లెక్క తెగలేదు. వత్తి సన్నదా, గాలి తక్కువా అని నేను ప్రమిద తిప్పి చూస్తుంటే సర్వే భాయ్ అన్నాడు: “చెంచా గదే ఇంజినీర్‌సాబ్. ఇయ్యాల ఆమె ఒక చెంచాడు వోసినంక ఇంకో అర చెంచాడు వోసింది. నువ్వు గడియారం చూసుకుంట కూసున్నవు.”

ఇప్పుడు కరీంనగర్‌లో మా ఇంట్లో ఉన్న యంత్రానికి పట్టీ లేదు, దీపాలతో పని లేదు. ఇంత సమయమే ఆడాలని దానికి ముందే చెప్పి పెట్టవచ్చు. ఆ పద్ధతి పుస్తకంలో ఉంది, చదివాను, పెట్టాను. మా అమ్మాయి రెండో రోజునే దాన్ని విప్పేసింది. మొన్న ఒక సాయంత్రం నేను ఏమీ మాట్లాడకుండా రెండు ప్రమిదలు తెచ్చి, టేపు పెట్టి, టీవీ ముందు ఒకదానికొకటి ఇరవై సెంటీమీటర్ల దూరంలో వెలిగించి, ఫ్యాను ఆపాను.

“ఇవెందుకు బాపూ? దీనికి అవసరమే లేదు గదా!”

“దీనికి లేదు,” అన్నాను. “ఆరేదాక ఆడుకో.”

ఆమె నన్ను అనుమానంగా చూసి ఆటలో పడింది. ముప్పై ఎనిమిదో నిమిషాన మంట చిన్నదైంది. అమ్మాయి గెలిచే దశలో ఉంది. నేను అటు తిరిగి, గట్టిగా దగ్గాను.